‘దొరకలేదు’ వేరు, ‘లేదు’ వేరు

మన యూనియన్ కార్యదర్శి ఇద్దరు మిత్రుల్ని వెంటబెట్టుకొని స్టాఫ్ రూముకు వచ్చి, “సార్, ఈసారి సావనీరుకు మీరు పనికొచ్చే వ్యాసం ఒకటి రాసివ్వాలి” అన్నాడు. ‘పనికొచ్చే’ అన్నమాట కాస్త వొత్తి పలికాడు. పోయినసారి నేను రాసింది పనికి రాలేదని దాని భావమేమో, నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. ఏమైనా ఆ మాటనే ఆజ్ఞగా తీసుకొని, ప్రతి ఏడూ ప్రాజెక్టు రిపోర్టుల రోజుల్లో నేను వినే ఒక ఫిర్యాదునే ఈ వ్యాసానికి విషయంగా ఎంచుకొన్నాను.

“సార్, ఆన్‌లైన్లో అంతా వెతికాను. నా టాపిక్ మీద ఎక్కడా ఏమీ లేదు.” ఇదీ ఆ ఫిర్యాదు. కొందరిది దీనికి సరిగ్గా తలకిందులు: “సార్, నలభై వేల వ్యాసాలు వచ్చాయి. ఏది చదవమంటారు?”

చూడ్డానికి రెండు ఫిర్యాదులుగా వున్నా ఇవి ఒకే జబ్బుకు రెండు లక్షణాలు. ఆ జబ్బు ఒకప్పుడు నాకూ వచ్చింది. కాబట్టి ముందు నా రోగం కథ చెప్పి, తర్వాత మందు చెబుతాను.

నాకు జరిగిన శాస్తి

2011లో నేను ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది నల్గొండ జిల్లా, మునుగోడు వైపు పల్లె. ఆ వైపు నీళ్ళ సంగతి మీకు తెలిసిందే. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. మా వైపు ఎన్నో బోర్లలో అది ఆ హద్దుకు ఎన్నో రెట్లు వుండేది. మా పెద్దనాయనకు చిన్నప్పుడే మోకాళ్ళు లోపలికి వంగి, నడుస్తుంటే ఒకదానికొకటి రాసుకొనేవి. సెమినార్‌కు టాపిక్ ఎంచుకోమంటే సహజంగానే నేను దీన్ని ఎంచుకొన్నాను. ఆ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు పెద్దనాయన మంచంమీద నుంచే అడిగాడు: “ఏం బిడ్డా, మా కాళ్ళ గురించి సదువుకున్నోళ్ళు ఎవలన్న రాసిన్రా?”

“చూసి చెప్త పెద్దనాయనా” అన్నాను.

కాలేజీ లైబ్రరీ కంప్యూటర్ గదిలో కూర్చొని వైద్య వ్యాసాల పట్టిక అయిన పబ్‌మెడ్ తెరిచి, ‘నల్గొండ ఫ్లోరైడ్ బెంట్ లెగ్స్’ అని ఇంగ్లీషులో కొట్టాను. పనికొచ్చేది ఏమీ రాలేదు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అంతే. రెండు సాయంత్రాలు అలా గడిపి, వచ్చే సెలవుల్లో వూరికి వెళ్ళినప్పుడు “ఎవరూ రాయలే పెద్దనాయనా” అని చెప్పేశాను. ఆయన ఏమీ అనలేదు. “మమ్ముల ఎవలు పట్టించుకుంటరులే” అని అటు తిరిగి పడుకొన్నాడు.

అదే మాట సెమినార్‌లో ఇంకా దర్జాగా చెప్పాను: “ఈ ప్రాంతంలో కాళ్ళు వంకర్లు పోవడంపై శాస్త్రీయ పరిశోధన జరగలేదు.” వెనక వరసలో అతిథిగా వచ్చిన ఒక పెద్ద డాక్టరుగారు కూర్చొని వున్నారు. మెల్లగా లేచి, “బాబూ, ‘జెను వాల్గమ్’ అని వెతికావా?” అన్నారు.

“లేదు సార్.”

“మరి ఏమని వెతికావు?”

చెప్పాను. హాలంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు నల్గొండ ప్రాంతంలో సరిగ్గా ఈ మోకాళ్ళ జబ్బునే పరిశీలించి, 1973లో లండన్‌నుంచి వెలువడే ‘లాన్సెట్’ పత్రికలో రాశారని చెప్పారు. అప్పటికి మా పెద్దనాయనకు పన్నెండేళ్ళు. నేను పుట్టనే లేదు. ప్రపంచంలో ఎక్కడా లేదని నేను ప్రకటించిన పరిశోధన, మా వూళ్ళో బస్సెక్కితే మూడు నాలుగు గంటల్లో చేరే తార్నాకలో కూర్చున్నవాళ్ళు చేసింది!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. హాలు నవ్వినందుకు కాదు. పెద్దనాయనకు అబద్ధం చెప్పినందుకు.

ఎందుకు దొరకలేదు?

తర్వాత తీరిగ్గా ఆ వ్యాసం వివరాలు పబ్‌మెడ్‌లోనే తీసి చూశాను. అది అక్కడ భేషుగ్గా వుంది. దాని శీర్షికకు తెలుగు చెప్పుకొంటే, ‘ఫ్లోరోసిస్ పాతుకొన్న ఒక ప్రాంతంలో జెను వాల్గమ్, ఆస్టియోపోరోసిస్’. జెను అంటే లాటిన్ భాషలో మోకాలు. జెను వాల్గమ్ అంటే మోకాళ్ళు లోపలికి వంగడం. ఇప్పుడు నేను కొట్టిన మాటల్ని పక్కన పెట్టి చూడండి. నల్గొండ, ఫ్లోరైడ్, బెంట్, లెగ్స్. ఈ నాలుగింటిలో ఒక్కటైనా ఆ శీర్షికలో వుందా? ‘ఫ్లోరైడ్’ కూడా లేదు, ‘ఫ్లోరోసిస్’ వుంది. ఒకటి పదార్థం, మరొకటి దానివల్ల వచ్చే జబ్బు.

“పోనీ శీర్షికలో లేకపోతే లోపల వుంటుంది కదా?” అంటారు. ఇక్కడే అసలు కిటుకు. మనం డేటాబేసులో వెతుకుతున్నప్పుడు చాలా సందర్భాల్లో వ్యాసంలో వెతకటం లేదు. వ్యాసం గురించిన కార్డులో వెతుకుతున్నాం. పాతతరం వాళ్ళకు లైబ్రరీలో సొరుగుల నిండా వుండే కేటలాగు కార్డులు జ్ఞాపకం వుంటాయి. పుస్తకం పేరు, రచయిత, విషయం, బీరువా నెంబరు. అంతే, పుస్తకం వేరే చోట వుంటుంది. పబ్‌మెడ్ వంటివి కూడా అలాంటి కార్డుల సొరుగులే. ఇప్పుడు ఆ సొరుగులో 3.5 కోట్లకు పైగా కార్డులున్నాయి. ప్రతి కార్డు మీద శీర్షిక, రచయితలు, పత్రిక, సంవత్సరం, వుంటే విషయ శీర్షికలు, ఒక సంగ్రహం వుంటాయి. ‘వుంటే’ అన్నాను గమనించండి. 1975కు ముందటి వ్యాసాలకు ఈ కార్డుల మీద సాధారణంగా సంగ్రహం వుండదు. 1973 నాటి మన వ్యాసానికీ లేదు. కనుక ‘నల్గొండ’ అన్నమాట వ్యాసం లోపల ఎన్నిసార్లు వచ్చినా వెతికే యంత్రానికి కనబడదు.

తమాషా ఏమిటంటే, అదే ‘నల్గొండ’ అన్నమాట ఒక్కటే కొడితే టాంజానియా, ఇథియోపియా దేశాల నీళ్ళ గురించిన వ్యాసాలు వస్తాయి. నాగపూర్‌లోని నీరీ సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే ఒక పద్ధతి కనిపెట్టి, దానికి మన జిల్లా పేరే పెట్టింది. ‘నల్గొండ టెక్నిక్’గా అది ఆఫ్రికా దాకా వెళ్ళింది. కాబట్టి నల్గొండ అని అడిగితే నల్గొండవే కాదు, ఆఫ్రికావి కూడా వచ్చాయి. యంత్రం తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు. అది అడిగిన అక్షరాలకు సరిపోయినవి తెచ్చిపెట్టింది.

ఇదే ఈ పాఠానికి మొదటి సూత్రం. యంత్రానికి మీ ప్రశ్న అక్కర్లేదు, మీ మాటలు కావాలి. మీకు తోచిన మాటలు కాదు, ఆ వ్యాసం రాసినవాడు వాడి వుండే మాటలు.

ముందు కాగితం, తర్వాత కంప్యూటర్

నేను ఇప్పుడు నా విద్యార్థుల్ని కాగితం మీద పని పూర్తయ్యేదాకా కంప్యూటర్ ముట్టుకోనివ్వను. పద్ధతి ఇది.

ప్రశ్నను ఒక పూర్తి వాక్యంగా రాయండి. ఉదాహరణకు, “నల్గొండ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగే పిల్లల కాళ్ళ ఎముకలు ఎందుకు వంగుతాయి?” ఇందులో అసలు విషయాలు ఎన్ని? మూడు. కారణం, ఫలితం, చోటు. ‘ఎందుకు’, ‘తాగే’, ‘వంగుతాయి’ అనేవి మనకు మాటలే గాని యంత్రానికి బరువు. వాటిని వదిలేయండి. కాగితం మీద మూడు గడులు గీసి, ఒక్కో గడిలో ఆ విషయానికి వున్న పేర్లన్నీ రాయండి.

మొదటి గడి, కారణం: ఫ్లోరైడ్, ఫ్లోరోసిస్, స్కెలిటల్ ఫ్లోరోసిస్, ఫ్లోరైడ్ పాయిజనింగ్.

రెండో గడి, ఫలితం: జెను వాల్గమ్, నాక్ నీ, బోన్ డిఫార్మిటీ, ఆస్టియోపోరోసిస్.

మూడో గడి, చోటు: నల్గొండ, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఇండియా.

ఈ పేర్లు ఎక్కడినుంచి తేవాలి? జనం మాట, పాఠ్యపుస్తకం మాట, డాక్టరు మాట మూడూ వేరు. మా వూళ్ళో దాన్ని ‘ఫ్లోరిన్ నీళ్ళ రోగం’ అంటారు. డాక్టరు ‘ఫ్లోరోసిస్’ అంటాడు. అంచేత సంబంధించిన మనిషిని ఒకసారి అడగండి, లేదా ఒక్క మంచి సమీక్షా వ్యాసం చదివి అందులో తగిలిన కొత్త మాటల్ని గడుల్లో చేర్చండి. గడులు నిండేకొద్దీ సగం పని అయినట్లే. ఇంకోమాట, స్పెల్లింగు. ఇంగ్లీషులో ఫ్లోరైడ్ రాసేటప్పుడు ‘యు’, ‘ఓ’ అక్షరాలు తారుమారై పిండి అనే మాటకు దగ్గరగా పోవడం మనవాళ్ళకు మామూలు. అలా కొడితే అదే తప్పు చేసిన రచయితల వ్యాసాలే మీకు తోడు వస్తాయి!

మూడు చిన్న మాటలు

ఈ గడుల్ని కలిపి కుట్టే దారం మూడు చిన్న ఇంగ్లీషు మాటలు. ఆండ్, ఆర్, నాట్. వీటి వెనక వున్న తర్కాన్ని 19వ శతాబ్దంలో జార్జి బూల్ అనే గణిత శాస్త్రజ్ఞుడు నిర్మించాడు. ఆయన పేరుమీదే దీన్ని బూలియన్ పద్ధతి అంటారు. పేరు విని భయపడవద్దు. పెళ్ళిళ్ళ పేరయ్యకు ఇది బూల్ కంటే ముందే తెలుసు.

“అబ్బాయి డిగ్రీ చదివుండాలి, ఉద్యోగం వుండాలి, పొలం వుండాలి” అని ఆడపిల్ల తండ్రి ఒక్కొక్క షరతూ చేరుస్తున్నకొద్దీ పేరయ్య చేతిలోని సంబంధాలు తగ్గిపోతాయి. అది ఆండ్. “ఇంజనీరైనా సరే, లెక్చరరైనా సరే, బ్యాంకువాడైనా సరే” అంటే సంబంధాలు పెరుగుతాయి. అది ఆర్. నేను మొదట కొట్టిన నాలుగు మాటల మధ్య యంత్రం తనంతట తాను ఆండ్ పెట్టుకొంది. పబ్‌మెడ్‌లో ఖాళీ వదిలితే ఆండ్ అనే అర్థం. అంటే నేను నాలుగు షరతులు పెట్టి, పెళ్ళికొడుకు దొరకలేదని ఏడ్చానన్నమాట.

కనుక ఒకే గడిలోని మాటల మధ్య ఆర్ పెట్టండి. గడికీ గడికీ మధ్య ఆండ్ పెట్టండి. ఒక్కో గడిని ఒక్కో బ్రాకెట్లో పెట్టడం మరచిపోవద్దు. పబ్‌మెడ్ ఎడమనుంచి కుడికి చదువుకొంటూ పోతుంది. బ్రాకెట్లు లేకుండా ‘ఫ్లోరోసిస్ ఆండ్ నల్గొండ ఆర్ ప్రకాశం’ అని కొట్టారనుకోండి. ముందు ఫ్లోరోసిస్, నల్గొండ రెండూ వున్నవి తీస్తుంది. తర్వాత ప్రకాశం అన్నమాట వున్నవన్నీ వాటికి కలిపేస్తుంది. ప్రకాశం అనే పేరున్న రచయితలు కేన్సర్ మీద రాసినా సరే, గుండె మీద రాసినా సరే, మీ జాబితాలోకి వచ్చి కూర్చొంటారు. ‘నలభై వేలు వచ్చాయి సార్’ అనే ఫిర్యాదుకు చాలాసార్లు మూలం ఇలాంటి పొరపాటే. ఈ మూడు మాటలూ పబ్‌మెడ్‌లో పెద్ద అక్షరాలతోనే కొట్టాలని కూడా గుర్తుంచుకోండి.

ఇక నాట్. ఇది కత్తి. అక్కర్లేనిది కోస్తుంది, అక్కరకొచ్చేదీ కోస్తుంది. ఫ్లోరైడ్ అని కొడితే దంతక్షయం రాకుండా పేస్టులో, నీళ్ళలో ఫ్లోరైడ్ కలపడం గురించి పాశ్చాత్య దేశాల వ్యాసాలు కుప్పలుగా వస్తాయి. అక్కడి సమస్య ఫ్లోరైడ్ చాలకపోవడం, మన సమస్య ఎక్కువవడం. వాటిని వదిలించుకొందామని ఒక విద్యార్థిని ‘నాట్ డెంటల్’ అని చేర్చింది. పేస్టుల వ్యాసాలు పోయాయి. దాంతోపాటు “ఈ గ్రామంలో డెంటల్ ఫ్లోరోసిస్ ఇంతమందికి, ఎముకల ఫ్లోరోసిస్ ఇంతమందికి” అని లెక్కగట్టిన వ్యాసాలన్నీ పోయాయి. ఆ అమ్మాయికి కావలసినవి సరిగ్గా అవే! నాట్ వాడే ముందు, అది ఏమేమి పారేస్తోందో ఒకసారి విడిగా తీసి చూడండి. ఈ ఉదాహరణలో నాట్ బదులు ‘స్కెలిటల్’ అన్నమాటను ఆండ్‌తో చేరిస్తే చాలు.

కొటేషన్ గుర్తులు, నక్షత్రం

రెండు మాటలు ఒకటిగా వుండాలనుకొంటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. ‘ఎండెమిక్ ఫ్లోరోసిస్’ అని గుర్తులతో అడిగితే ఆ రెండు మాటలూ పక్కపక్కన వున్నవే వస్తాయి. ఒక మాట యొక్క మొదలు మాత్రం ఇచ్చి చివర నక్షత్రం గుర్తు పెడితే దాని పిల్లలన్నీ వస్తాయి. ఫ్లోరైడ్ మాటకు చివరి అక్షరం తీసి నక్షత్రం పెడితే ఫ్లోరైడ్, ఫ్లోరైడ్స్, ఫ్లోరిడేషన్ అన్నీ వస్తాయి. ఫ్లోరిడేషన్ మనకు అక్కర్లేదని ఇందాకే చెప్పుకొన్నాం. కాబట్టి నక్షత్రాన్ని ఎక్కడ పెడుతున్నామో చూసుకోవాలి. పైగా పబ్‌మెడ్‌లో నక్షత్రానికి ముందు కనీసం నాలుగు అక్షరాలు వుండాలి. ఈ రెండు గుర్తులూ వాడితే, మీ మాటకు సంబంధించిన పర్యాయపదాలను యంత్రం తనంతట వెతికిపెట్టే సహాయం ఆగిపోతుంది. ఒక్కొక్క డేటాబేసు అలవాట్లు ఒక్కొక్క తీరు. కనుక కొత్తదాంట్లోకి వెళ్ళినప్పుడు దాని సహాయం పేజీ పది నిమిషాలు చదవడం, కొత్త వూళ్ళో దిగి దారి అడగడం లాంటిది. నామోషీ పడవలసిన పనిలేదు.

గ్రంథపాలకుల పుణ్యం

ఇన్ని పేర్లు మనమే వూహించాలా అంటే, కొంత పని మనకంటే ముందే కొందరు చేసిపెట్టారు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1960లో ‘మెష్’ అనే విషయ శీర్షికల పట్టిక ప్రచురించింది. రచయిత ఏ మాట వాడినా, ఆ విషయంపై వచ్చిన వ్యాసాలకు ఒకే శీర్షిక తగిలిస్తారు. పళ్ళ ఫ్లోరోసిస్‌కు ఒక శీర్షిక వుంది, ఫ్లోరైడ్ పాయిజనింగ్ అని మరొకటి వుంది. ఆ శీర్షికతో వెతికితే ఒకరు ఒక పేరుతో, మరొకరు మరొక పేరుతో రాసినవి కూడా ఒక్క చోటికి చేరతాయి. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో నాలుగోది చదువరి సమయం ఆదా చేయాలన్నది. ఈ శీర్షికల వెనక వున్నది కూడా ఆ దయే.

అయితే అంతా దానిమీదే వదిలేయకూడదు. అన్ని వ్యాసాలకూ ఈ శీర్షికలు తగిలించరు. కొత్తవాటికి కొంత ఆలస్యం కావచ్చు. కాబట్టి శీర్షికతో ఒకసారి, మామూలు మాటలతో ఒకసారి వెతికి, రెంటినీ ఆర్‌తో కలపడం క్షేమం.

వూళ్ళ పేర్లు మారుతాయి

ఇది మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి. తెలంగాణ రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడింది. కాబట్టి ‘తెలంగాణ’ అని మాత్రమే వెతికితే అంతకుముందు ‘ఆంధ్రప్రదేశ్’ అని రాసిన నల్గొండ వ్యాసాలన్నీ జారిపోతాయి. 2016లో నల్గొండ జిల్లా విడిపోయి సూర్యాపేట, యాదాద్రి జిల్లాలు ఏర్పడ్డాయి. ఇంకా వెనక్కు వెళ్ళండి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను గురించిన తొలి వైద్య నివేదికలు 1937లో షార్ట్, ఆయన సహచరులు నెల్లూరు జిల్లా నుంచి రాశారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ వైపు దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు తర్వాత, 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి 1972లో ప్రకాశం పేరు పెట్టుకొన్న జిల్లాలోకి వెళ్ళాయి. ప్రకాశం అని వెతికేవాడికి 1937 కనబడదు. నా సలహా ఏమిటంటే, చోటు గడిని ఆఖర్న చేర్చండి. మొదట అది లేకుండానే వెతకండి. ఫలితాలు మరీ ఎక్కువైతేనే చోటు పెట్టండి. పెట్టినప్పుడు పాత పేర్లు, కొత్త పేర్లు అన్నీ పెట్టండి.

తెలుగు ఎం.ఏ. మిత్రులూ, ఇది సైన్సువాళ్ళ గొడవ అనుకోకండి. మీకు ఇంతకంటే పెద్ద చిక్కు వుంది. పాల్కురికి సోమనాథుడి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు ఒక విధంగా, మరొకరు మరో విధంగా రాస్తారు. బుర్రకథను ఒకరు ఒకే మాటగా, ఒకరు రెండుగా రాస్తారు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ‘శోధగంగ’లో మన దేశపు విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు వున్నాయి. అందులో వెతికేటప్పుడు తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో తోచిన స్పెల్లింగులన్నిటితో ఒకసారి వెతకండి. మనవాడి సిద్ధాంత గ్రంథం అక్కడ వుండి, మీరు ‘ఎవరూ చేయలేదు’ అని ముందుమాటలో రాసుకొంటే, వైవాలో అదే మనిషి మీ ఎదుట పరీక్షకుడుగా కూర్చోవచ్చు!

ఒక దీపం నుంచి ఇంకో దీపం

సరైన వ్యాసం ఒక్కటి దొరికితే చాలు, తర్వాత మాటలతో వెతకడం కొంత తగ్గించవచ్చు. దాని చివర వున్న ఆధారాల పట్టిక చూస్తే వెనక్కు వెళ్ళవచ్చు. ఆ వ్యాసాన్ని తర్వాత ఎవరెవరు ఉదహరించారో చూస్తే ముందుకు రావచ్చు. గూగుల్ స్కాలర్ ఈ రెండో పనికి బాగా పనికొస్తుంది. నేను 1973 వ్యాసం దగ్గర నిలబడి ముందుకు నడిచాను. 1974లో అదే కృష్ణమాచారి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో ఈ జబ్బు వ్యాప్తిని గురించి రాసింది తగిలింది. మాటలతో రెండు సాయంత్రాలు వెతికి సాధించలేనిది, ఈ దారిన ఒక్క పూటలో దొరికింది.

వ్యాసం వివరం దొరికి, పూర్తి పాఠానికి డబ్బు అడిగితే వెనుదిరగకండి. 2025 జనవరి 1న కేంద్ర ప్రభుత్వం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం ప్రారంభించింది. దాని కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 మంది ప్రచురణకర్తల పత్రికలు సుమారు 13,000 అందుబాటులోకి వచ్చాయి. మన లైబ్రరీవారిని అడిగి లోపలికి వెళ్ళే దారి తెలుసుకోండి. అసలు లైబ్రేరియన్‌గారి బల్ల దగ్గరకు మనవాళ్ళు పుస్తకం ఆలస్యమైతే జరిమానా కట్టడానికే వెళ్తారు. ఆయన ఈ విద్యలో పట్టభద్రుడని చాలామందికి తెలియదు.

ఈమధ్య కొందరు, “ఇదంతా ఎందుకు సార్, కృత్రిమ మేధను అడిగితే వ్యాసాల జాబితా ఇచ్చేస్తుంది” అంటున్నారు. గడుల్లో పర్యాయపదాలు నింపుకోడానికి అడగండి, తప్పులేదు. జాబితా మాత్రం నమ్మి దించుకోకండి. అలాంటి యంత్రాలు లేని వ్యాసాన్ని కూడా రచయిత పేరు, పత్రిక పేరు, సంవత్సరంతో సహా నమ్మకంగా చెప్పిన సందర్భాలు ఎన్నో వున్నాయి. నేను వున్నదాన్ని లేదన్నాను, అది లేనిదాన్ని వుందంటుంది. రెండూ అసత్యాలే. ప్రతి వ్యాసాన్నీ డేటాబేసులో మీ కళ్ళతో చూసిన తర్వాతే రాయండి.

వల పెద్దదా, చిన్నదా?

1960ల్లో ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్‌లో సిరిల్ క్లెవర్డన్ అనే గ్రంథపాలకుడు ఇలాంటి వెతుకులాటలను కొలిచి చూశాడు. వున్నవాటిలో ఎక్కువ భాగం పట్టాలంటే పనికిరానివీ ఎక్కువ వస్తాయి. పనికొచ్చేవే రావాలంటే కొన్ని మంచివి తప్పిపోతాయి. చెరువులో వల వేసే ఎవరినడిగినా ఇది చెబుతారు. కాబట్టి మీ అవసరం ఏమిటో ముందు తేల్చుకోండి. రేపటి సెమినార్‌కు నాలుగు మంచి వ్యాసాలు చాలనుకొంటే వల చిన్నది వేయండి. “దీనిమీద పరిశోధన లేదు” అని రాయబోతున్నారా, అప్పుడు చెరువంతా గాలించాలి. వచ్చిన చెత్తనంతా ఓపికగా ఏరాలి. ‘లేదు’ అనే చిన్నమాటకు పరిశోధనలో ఖరీదు చాలా ఎక్కువ.

అందుకే ఒక నోట్‌బుక్ పెట్టుకొని, ఏ తేదీన, ఏ డేటాబేసులో, ఏ మాటలతో వెతికారో, ఎన్ని వచ్చాయో రాసుకోండి. చివరికి నిజంగా ఏమీ రాకపోతే “పరిశోధన జరగలేదు” అని రాయకండి. “ఫలానా డేటాబేసుల్లో ఫలానా మాటలతో ఫలానా తేదీన వెతికితే నాకు దొరకలేదు” అని రాయండి. వాక్యం కాస్త పొడుగవుతుంది. కాని నిజమవుతుంది. వెనక వరసలో ఎవరు కూర్చొని వున్నా భయపడనక్కర్లేదు.

ఆ సంవత్సరం దసరా సెలవుల్లో, లాన్సెట్ వ్యాసం జిరాక్సు తీయించి వూరికి పట్టుకెళ్ళాను. మూడే పేజీలు. పెద్దనాయనకు ఇంగ్లీషు రాదు. చదివి తెలుగులో చెప్పాను. విన్నంతసేపు విని, కాగితాలు చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసి, “అయితే రాసిన్రన్నట్టే” అన్నాడు. కాసేపాగి, “మరి నువ్వు రాయలేదంటివి గదరా!” అన్నాడు.

“నాకు వెతకడం రాలే పెద్దనాయనా” అన్నాను.

విద్యార్థి మిత్రులారా, ఆ జవాబు మీకెవరికీ చెప్పవలసిన అవసరం రాకూడదనే ఈ నాలుగు మాటలు రాశాను. పనికొచ్చాయో లేదో కార్యదర్శిగారే తేల్చాలి.